గోనె కప్పిన బోర్డు

అరకు
డిసెంబరు 4

సత్యక్కా,

నిన్న, డిసెంబరు మూడున, సాయంత్రం ఆరు గంటలకు మన వసతి గృహం తలుపులు తెరిచాం. ఈ ఉదయం దాకా ఒక్క మనిషి కూడా లోపలికి రాలేదు.

మంచాలు ఇరవై. దుప్పట్లు కొత్తవి. వేడినీళ్లున్నాయి. రోడ్డు దాటితే సంత మైదానం. అక్కడ రేకుల షెడ్ల కింద ఎప్పటిలాగే జనం గోనెలు కప్పుకుని పడుకున్నారు. ఇక్కడ చలి ఎలా ఉంటుందో నువ్వు చూడలేదు. పొద్దున్నే బకెట్లో చెయ్యి పెడితే వేళ్లు కొంకర్లు పోతున్నాయి.

ఈ ఇంట్లో ప్రతిదీ నేను చెప్పినట్టే కట్టారు. మండల ఆఫీసులో ఈ పని చూసే మోహన్‌కృష్ణ గారు కమిటీలో ఏ మాట వచ్చినా నావైపే తిరిగేవారు. "సోములమ్మ గారూ, మీరు అనుభవ సభ్యులు. మీరు చెప్పండి" అనేవారు. విశాఖ కమిటీలో నిన్ను తీసుకున్నట్టే, ఒకప్పుడు ఇల్లు లేక బతికినదాన్నని ఇక్కడ నన్ను తీసుకున్నారు కదా. విశాఖ స్టేషన్ బయట మనిద్దరం ఏవేవి లేక అవస్థ పడ్డామో అవన్నీ చెప్పాను. గేటుకు తాళం, కాపలా మనిషి, ఆడవాళ్లకు వేరే గది. బోర్డు మీద అక్షరాలు కూడా నేనే రాయించాను. ఆ రోజు నువ్వు నా చెయ్యి పట్టుకుని విశాఖ షెల్టర్‌లోకి తీసుకెళ్లేముందు చూపించిన మాటే అది: 'నిరాశ్రయుల వసతి గృహం'. మనకోసం ఒక ఇల్లుందని ఆ బోర్డు చూశాకే కదా నాకు నమ్మకం కుదిరింది.

రాత్రి షెడ్డు దగ్గరికి వెళ్లాను. భీముడు తాత అని ఒకాయన ఉన్నాడు, అనంతగిరి వైపు ఊరు. సంతలో మూటలు మోస్తాడు. నిరుటి వానల్లో ఇల్లు కూలినప్పటినుంచి ఇక్కడే. దగ్గుతున్నాడు.

"తాతా, సలి. లెగు, లోపల పడుకుందువు" అన్నాను.

"నాకేటి కర్మ? నాకు ఊరు నేదేటి?"

"మరి ఊరికి ఎప్పుడెల్తావు?"

"ఎల్తాను."

ఆ వానల్లోంచీ 'ఎల్తాను' అనే అంటున్నాడట.

జనవరి ఆఖరుకి కూడా మంచాలు ఖాళీగా ఉంటే ఈ భవనం కాఫీ బస్తాలు పెట్టుకోడానికి ఇచ్చేస్తామని పైవాళ్లు అంటున్నారు. కాగితం ఇంకా రాలేదు. నాకు కోపం రావడం లేదు అక్కా. ఎందుకు రారో తెలుసుకోవాలనుంది. నీ ఫోను కలవడం లేదు. అందుకే నీ గది అడ్రసుకు రాస్తున్నాను.

నీ
సోములు


విశాఖపట్నం
డిసెంబరు 9

సోములూ,

నీ ఉత్తరం ఇంటి ఓనరు దగ్గర ఆగిపోయి చేతికి ఆలస్యంగా వచ్చింది. ఇకనుంచి దీనికి రాయి: కేరాఫ్ గణపతిరావు టిఫిన్ బండి, ఆర్టీసీ కాంప్లెక్స్ ఎదురు సందు. మా వీధికి పోస్టుమాన్ సరిగ్గా రావడం లేదు. ఫోను పాడైంది. ఉత్తరమే నయం, ఆలోచించి రాయచ్చు.

ముందు నీ గేటు సంగతి. మనం షెల్టర్‌లో చేరిన మొదటి వారం నీకు గుర్తుందా? తాళం వేసిన చప్పుడు వినగానే నువ్వు లేచి కూర్చునేదానివి. అలవాటయ్యాక అదే తాళం నీకు ధైర్యమైంది. నీకు చివర కలిగిన ధైర్యాన్ని వాళ్లకు మొదటిరోజే ఇవ్వాలని చూశావేమో. గేటు తీసి పెట్టు. ఆధార్ అడుగుతున్నారా? మానెయ్యండి.

రెండోది, వాళ్లు షెడ్లో ఎలా పడుకుంటారో చూశావా? తల ఎటు పెడతారు, ఎవరి పక్కన ఎవరు పడుకుంటారు, నిప్పు ఉంటుందా, కోళ్లూ మేకలూ ఏమైనా ఉన్నాయా? ఊహించి రాయకు, చూసి రాయి. బొబ్బిలి నుంచి వచ్చిన నాకు మీ కొండ సంగతులు తెలీవు. నాకు తెలిసింది ఈ కాంప్లెక్స్ చుట్టూ ఉన్న నాలుగు వీధులు.

నేను బాగానే ఉన్నాను. కుట్టు పని ఉంది.

సత్యకుమారి


అరకు
డిసెంబరు 16

సత్యక్కా,

చూశాను. నువ్వడిగినవన్నీ రాస్తున్నాను.

షెడ్లో పడుకునేవాళ్లు పన్నెండు పదమూడు మంది. మధ్యలో నిప్పు. కాళ్లు నిప్పువైపు, తలలు బయటికి. ఒకే ఊరివాళ్లు పక్కపక్కన పడుకుంటారు. నిప్పు ఆరకుండా వంతులేసుకుని లేస్తారు. మన వసతి గృహంలో గచ్చు నేల, నిప్పుకు చోటు లేదు. దొరికింది కారణం అనుకున్నాను. గేటు తీసేశాం, ఆధార్ మానేశాం. పెరట్లో ఇటుకలు పేర్చి నిప్పు వేశాం. మోహన్‌కృష్ణ గారే కట్టెలు వేయించారు. 'కొత్త భవనంలో మంట ఏమిటని ఎవరైనా అడిగితే నేను చెప్పుకుంటాను' అన్నారు.

అందరూ వచ్చారు! నా సంతోషం చూడాలి నువ్వు. చిలగడదుంపలు కాల్చుకున్నారు. భీముడు తాత ఒకప్పుడు ఎలుగుబంటి తరిమితే చెట్టెక్కిన కథ చెప్పాడు. ఎలుగు కూడా చెట్టెక్కుతుంది కదా తాతా అని ఎవరో అడిగితే, "అదీ ఎక్కింది. దానికి పైకొమ్మ ఇచ్చీసినాను" అన్నాడు. నవ్వి నవ్వి పొట్టలు పట్టుకున్నాం.

తొమ్మిదయ్యేసరికి ఒక్కొక్కరూ లేచి, గోనెలు దులుపుకుని రోడ్డు దాటి షెడ్లోకి వెళ్లిపోయారు.

సోని అని ఒకామె ఉంది. కాఫీ పళ్లు కోతకు వెళ్తుంది. మొగుడు ఇంకో ఆడదాన్ని తెచ్చుకుంటే ఇల్లొదిలి వచ్చేసింది. గేటు దగ్గర ఆపి అడిగాను.

"ఏటే, నిప్పుకాడికి వచ్చినావు, మంచం కాడికి రానేవా?"

"నీ ఇల్లు బాగుంది వదినా. నీ ఇంట్లో నువ్వే పడుకో."

"నాకు ఇల్లుంది కదే."

"నాకు మాత్రం నేదని ఎవలు సెప్పినారు?"

పోట్లాటకు అన్న మాట కాదది. నవ్వుతూనే అంది. నాకు మాత్రం ఆ రాత్రంతా అదే మాట. తనకు ఇల్లు లేదని ఎవరు చెప్పారు? ఇంతకీ ఎవరైనా చెప్పారా?

భీముడు తాత దగ్గు పెరిగింది. ఆసుపత్రికి తీసుకెళ్లాను. పొడిగా, వెచ్చగా ఉంచమన్నారు.

సోములు


విశాఖపట్నం
డిసెంబరు 22

సోములూ,

రెండుసార్లు తప్పాం. గేటూ కాదు, నిప్పూ కాదు. నిప్పు దగ్గరికి వచ్చినవాళ్లు మంచం దగ్గరికి రాలేదంటే వాళ్లకు నువ్వంటే భయం లేదు, ఆ చోటంటే అసహ్యమూ లేదు. ఆ తలుపు దాటితే ఇంకేదో జరుగుతుందనుకుంటున్నారు. అదేమిటో కనుక్కో.

'ఎందుకు రావడం లేదు' అని అడిగితే ఎవరూ నిజం చెప్పరు. చలి లేదంటారు, అలవాటైపోయిందంటారు, రేపొస్తామంటారు. 'వస్తే ఎవరేమంటారు' అని అడిగి చూడు. ఒక్కోసారి మనిషిని ఆపేది గుమ్మం కాదు, గుమ్మంలో చూసేవాళ్ల కళ్లు.

ఇంకొకటి. మీ షెడ్లో లైట్లున్నాయా? ఇక్కడ కాంప్లెక్స్ ఎదురుగా కొత్తవి పెట్టారు, తెల్లవి. కళ్లు మూసుకున్నా లోపలికి వస్తాయి. అట్టపెట్టె ముక్క మొహానికి అడ్డం పెట్టుకుంటే కాస్త నయం. గాలికి అదీ జారిపోతుంది. తాతకు నిద్ర పడితే దగ్గు తగ్గుతుంది, అందుకని రాశాను.

గణపతిరావు నీ ఉత్తరం జాగ్రత్తగా ఇడ్లీ పాత్ర వెనక దాచాడు. "ఏటమ్మా, అరకు నుంచి అంత లావు ఉత్తరం, కాఫీ గింజలేటైనా పంపినారేటి?" అని రోజూ అడుగుతాడు. ఈసారి నాలుగు గింజలు పంపు, అతని నోరు మూయించాలి.

సత్యకుమారి


అరకు
జనవరి 2

సత్యక్కా,

కారణం దొరికింది. దాన్ని గోడకు కొట్టించింది నేనే.

నువ్వు చెప్పినట్టే తాతను అడిగాను. వస్తే ఎవరేమంటారు తాతా అని. చాలాసేపు చుట్ట వెలిగించుకోవడానికే అవస్థ పడ్డాడు.

"మా ఊరి పెద్ద ధర్మని అడుగు. ఆడేటంటే నానూ అదే."

వెళ్లాను. అనంతగిరి దాకా జీపు, అక్కడినుంచి కాలిదారి. తాత ఇల్లున్న చోటు చూశాను. కొండచరియ జారి సగం గోడ లోయలోకి పోయింది. అక్కడ మళ్లీ కట్టొద్దని వచ్చినవాళ్లు చెప్పి వెళ్లారట. అన్న కొడుకులకు ఒకే గది, ఎనిమిది మంది. ధర్మ మంచి మనిషి, జొన్నన్నం పెట్టించాడు. తిన్నాక అడిగాను.

"మీ భీముడు మా వసతి గృహంలో పడుకుంటే మీకేటైనా అబ్యంతరమా?"

"ఆ బోర్డున్న ఇల్లేనా?"

"అదే."

"మా గుంటడొకడు సదువుకున్నాడు, సంతకెళ్లి సదివొచ్చినాడు. దిక్కునేనోల్ల ఇల్లు అనుందట కదా. ఇలగ రా." లేచి నన్ను లోపలికి తీసుకెళ్లాడు. అటక మీంచి ఒక బుట్ట దించాడు. బుట్టనిండా చోళ్లు, రాగి గింజలు. "ఇది భీముడి వాటా. ఈ యేడుది. పోయినేడుదీ ఉంది. దిక్కునేనోడికి ఊర్లో వాటా తీత్తారేటి? ఆడు ఆ ఇంట్లో పడుకుంటే మేమందరం సచ్చిపోయినట్టే కదమ్మా. ఆ మాట ఎవలు రాసినారు?"

"నానే."

ధర్మ నన్ను చూశాడు, బుట్టను చూశాడు. "నీకు ఊరు నేదేటమ్మా?" అన్నాడు జాలిగా.

అక్కా, నేను దారంతా ఆలోచించాను. విశాఖలో మనల్ని ఎవరూ ఎరగరు. అక్కడ 'నిరాశ్రయులు' అంటే మనకు ఒక మంచం, అంతే. ఆ మాట వింటే సిగ్గుపడే మనిషి చుట్టుపక్కల ఎవరూ లేరు. ఇక్కడ ఆ మాట చదివితే ఊరు ఊరంతా సిగ్గుపడుతుంది. సోని అన్నదీ ఇదే. ఆమెకు పుట్టిల్లు ఉంది, అన్నలున్నారు. వాళ్ల దగ్గర చోటు లేదంతే. నా అనుభవం అక్కడిది. దాన్ని తెచ్చి ఇక్కడ మేకులేసి కొట్టాను.

మర్నాడు నిచ్చెన ఎక్కి బోర్డుకు గోనెసంచి కప్పి తాడుతో కట్టాను. సాయంత్రం నిప్పు దగ్గరికి తాత వచ్చాడు. పైకి చూశాడు.

"ఇప్పుడిది ఏటి?"

"ఇంకా పేరు పెట్నేదు తాతా."

"పేరు నేనప్పుడు ఏటైతే ఏటి" అని లోపలికి వెళ్లి పడుకున్నాడు. మంచం మీద కాదు, కింద. రెండో రోజు సోని వచ్చింది. నిన్నటికి తొమ్మిది మంది.

మోహన్‌కృష్ణ గారు ఒక చిక్కు చెప్పారు. పేరు లేని భవనానికి కరెంటు బిల్లు కూడా కట్టడం కుదరదట. ఈ నెలలోనే పేరు కావాలి. నిప్పు దగ్గర అడిగితే తాత 'సంత బస' అన్నాడు. సంతకొచ్చినవాడు రాత్రి ఆగితే తప్పేముంది అంటాడు. నీకెలా ఉంది?

ఇప్పుడు నా ప్రశ్న. ఆ తెల్ల లైట్లు మన కాలంలో లేవు. అట్టముక్క జారిపోతుందని నీకెలా తెలుసు? ఓనరు, పోస్టుమాన్, ఫోను, అన్నీ ఒకేసారి చెడిపోయాయా? ఎందుకు అని అడగను. నువ్వే నేర్పావు. షెల్టర్‌కి తిరిగి వెళ్తే ఎవరేమంటారు అక్కా?

కాఫీ గింజలు ఇందులో ఉన్నాయి. నాలుగు కాదు, గుప్పెడు.

సోములు


విశాఖపట్నం
జనవరి 8

సోములూ,

గణపతిరావు గింజలు నమిలి చూసి ఉమ్మేశాడు. "ఇదేటమ్మా, కాఫీ వాసనే నేదు" అన్నాడు. వేయించాలని చెప్పాను.

నువ్వు అడిగినదానికి వరసగా చెప్తాను.

సెప్టెంబరులో మా ఇల్లు పడగొట్టారు, అపార్ట్‌మెంట్ కడుతున్నారు. అదే నెలలో నేను కుట్టే చోటు మూసేశారు. రెండూ ఒకేసారి కాకపోతే తట్టుకునేదాన్ని. ఫోను అమ్మేశాను. కుట్టు పని ఉందని రాసింది పూర్తిగా అబద్ధం కాదు. బస్సు దిగినవాళ్ల సంచులకు జిప్పులు వేస్తాను. పడుకునేది కాంప్లెక్స్ ఎదురు అరుగు మీద. ముందు మనం పడుకున్న చోటు కాదు, అక్కడ ఇప్పుడు గేటు పెట్టారు.

షెల్టర్‌కి ఎందుకు వెళ్లలేదంటే, వెళ్లాను. నవంబరులో ఒక వాన రోజు గేటుదాకా వెళ్లాను. కాపలా ఉదయ్ లేచి నిలబడ్డాడు. "మేడమ్, తనిఖీకా?" అన్నాడు. అవునన్నాను. గొడుగు పట్టుకుని లోపలంతా తిప్పాడు. ఆడవాళ్ల బాత్రూంలో ఒక కుళాయి కారుతోంది. రాసి, సంతకం పెట్టి, టీ తాగి, వానలోనే బయటికి వచ్చేశాను.

హాల్లో నా ఫొటో ఉంది కదా, నిరుడు నేను మాట్లాడినప్పటిది. దాని కిందే మంచాలు. కమిటీ ఇచ్చిన కార్డు నీ దగ్గరా ఉండుంటుంది, తీసి చదువు. 'సత్యకుమారి, పూర్వ నిరాశ్రయురాలు, అనుభవ సభ్యురాలు'. ఒక్క రాత్రి అక్కడ పడుకుంటే మొదటి మాట అబద్ధమవుతుంది. మొదటిది పోతే రెండోదీ పోతుంది. ఆ రెండో మాట మీద నాకు ఆశ ఉంది సోములూ. ఆ బల్ల దగ్గర నేను చెప్పబట్టే ఆడవాళ్ల గదికి లోపలి గడియ వచ్చింది. దీపాల గురించి కూడా చెప్పాలనుకుంటున్నాను. బయట పడుకుంటున్నాను కాబట్టే అవి నాకు తెలుసు. బయట పడుకుంటున్నానని తెలిస్తే చెప్పే హక్కు ఉండదు. ఎంత తిరగేసినా ఈ ముడి విప్పలేకపోయాను.

నీ బోర్డుకు గోనె కప్పావు. నా కార్డుకు ఏం కప్పాలో తెలీక నీకు సలహాలు రాస్తూ కూర్చున్నాను. ఆ సలహాల్లో ఏదీ మోసం కాదని మాత్రం నమ్ము.

'సంత బస' బాగుంది. ఒక్క అనుమానం. సంతకు రానివాళ్లు ఏం చెయ్యాలి?

సత్యకుమారి


అరకు
జనవరి 17

సత్యక్కా,

నీ అనుమానం తాతకు చెప్పాను. "సంతకి రానోడు ఎవుడున్నాడు? అమ్మడానికో, కొనడానికో, ఊరికే సూడ్డానికో అందరం వచ్చినోల్లమే" అన్నాడు. తాత ఇప్పుడు మంచం మీదే పడుకుంటున్నాడు. దగ్గు తగ్గింది. పద్నాలుగు మంది అయ్యారు. కాఫీ బస్తాల మాట ఎవరూ ఎత్తడం లేదు.

నీ సంగతి ఎవరికీ చెప్పలేదు. కాని నీ ముడి మాత్రం మోహన్‌కృష్ణ గారి ముందు పెట్టాను, తాత పేరు మీద. భీముడిని కమిటీలోకి తీసుకోండి, బోర్డులో తప్పు పట్టింది వాళ్ల ఊరే కదా అన్నాను. ఆయన రూల్సు తిరగేశారు.

"కుదరదండీ. అర్హత 'పూర్వ నిరాశ్రయులు' అనుంది. ఈయన ఇప్పుడు..."

"ఇప్పుడు ఇల్లు నేదు. అందుకే కదండీ తెలుస్తాది."

"ఇప్పుడు లేనివాళ్లు కూర్చుంటే తమకోసమే చూసుకుంటారని ఈ రూలు పెట్టి ఉంటారు."

"కాఫీ రైతుల సంఘంలో కాఫీ మానీసినోల్లని కూకోబెడతారేటండి?"

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. నవ్వాపుకుంటున్నారో, ఆలోచిస్తున్నారో తెలియలేదు. తరవాత అడిగారు: "ఈ రూలు విశాఖ కమిటీకి కూడా ఒకటే. మార్చాలంటే మీ ఒక్కరి మాట చాలదు, అక్కడి అనుభవ సభ్యుల్లో ఎవరైనా వచ్చి ప్రతిపాదించాలి. ఎవరైనా ఉన్నారా?"

ఉన్నారన్నాను. పేరు రాయించాను. నిన్ను అడగకుండా రాయించానని కోపం వస్తే వచ్చి తిట్టు. ఒప్పుకోకపోతే గణపతిరావు బండి పక్క కొట్టు నుంచి ఒక ఫోను చెయ్యి, పేరు కొట్టించేస్తాను. ఆ బల్ల ముందు ఏం చెప్పాలో, ఎంతవరకు చెప్పాలో నీ ఇష్టం. లైట్ల గురించి చెప్పినా చాలు.

నా ఇంట్లో గది ఒక్కటే, నీకు తెలుసు. సంత బసలో ఆడవాళ్ల గదిలో కిటికీ పక్క మంచం ఖాళీగా ఉంది. ఎక్కడ దిగుతావో వచ్చాక నువ్వే చూసుకో. ఇక్కడ గోడల మీద ఎవరి ఫొటోలూ లేవు.

రావడానికి టికెట్టు కమిటీయే ఇస్తుంది, ఇందులో పెట్టాను. కిరండూల్ పాసింజరు, శుక్రవారం, జనవరి 23. పొద్దున్నే విశాఖలో బయలుదేరుతుంది. సొరంగాలన్నీ దాటి పదకొండు లోపు అరకు చేరుతుంది. స్టేషన్లో నేనూ, తాతా ఉంటాం. సంత రోజు కాబట్టి ధర్మ కూడా కొండ దిగుతున్నాడు, భీముడి వాటా చోళ్లు తెస్తున్నాడు.

మీటింగు మధ్యాహ్నం రెండింటికి. మొదటి అంశం, బోర్డు మీద కొత్త పేరు. రెండో అంశం, సభ్యత్వ నియమంలోనూ కార్డుల మీదా 'పూర్వ' అనే మాట తీసివేయడం. ప్రతిపాదించేవారు: సత్యకుమారి, విశాఖపట్నం.

సోములు